బడిలో ముందస్తు సంక్రాంతి: ఇద్దరు టీచర్లున్న చోట ఒక పూట పండుగ చేసే పద్ధతి

జనవరి మొదటి వారం రాగానే మా మండలం టీచర్ల వాట్సాప్ గ్రూపు నిండా ముందస్తు సంక్రాంతి ఫొటోలే. పట్టు పరికిణీల్లో అయిదుగురు ఆడపిల్లలు, పంచెలు కట్టిన ముగ్గురు మగపిల్లలు, మధ్యలో థర్మాకోల్ ఎడ్లబండి. ఆ బడిలో మిగతా పిల్లలు ఎక్కడున్నారో ఫొటోలో కనపడదు. నేనూ మొదట్లో అలాంటి పండుగే చేశాను కాబట్టి చెప్పగలను. వరండాలో చేతులు కట్టుకుని కూర్చుని, చప్పట్లు కొట్టమన్నప్పుడు కొడుతుంటారు.

నేను కోనసీమలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీని, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్ని. 46 మంది పిల్లలు, హెడ్ మాస్టారితో కలిపి ఇద్దరం టీచర్లం, ఇద్దరు వంటమ్మలు, ఒక ఆయా. ఏటా ఏదో ఒకటి తప్పు చేసి, మరుసటి ఏడు దిద్దుకుంటూ కుదుర్చుకున్న పద్ధతి ఇది. మాకు రెండే పట్టింపులు. ఆ రోజు ప్రతి పిల్లా ఏదో ఒకటి తన చేత్తో చేయాలి. ఆ పండుగ వల్ల ఏ ఇంటికీ ఒక్క రూపాయి ఖర్చు చేరకూడదు.

1. తేదీ ఖాయం చేయడం (15 రోజుల ముందు)

సెలవులు జనవరి 10కి అటూ ఇటూగా మొదలవుతాయి. చివరి పని దినాన పండుగ పెట్టుకోవాలని అందరికీ అనిపిస్తుంది. పెట్టుకోకండి. ఆ రోజుకి సగం మంది అమ్మమ్మగారి ఊరు బస్సెక్కేసి ఉంటారు. సెలవులకు రెండు రోజుల ముందు పెట్టుకుంటే హాజరు నిండుగా ఉంటుంది, మర్నాడు శుభ్రం చేసుకోవడానికీ ఒక రోజు మిగులుతుంది. ఆ తేదీకి కాంప్లెక్స్ మీటింగు (చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే సమావేశం) గానీ, పరీక్ష గానీ లేదని చూసుకోండి. ఇద్దరే ఉన్న బడిలో ఒకరు మీటింగుకి వెళ్తే ఇక పండుగ లేనట్టే.

తేదీ అనుకోగానే పాఠశాల యాజమాన్య కమిటీ చైర్‌పర్సన్‌కి చెప్పి, మినిట్స్ పుస్తకంలో రెండు వాక్యాలు రాసి సంతకాలు తీసుకోండి. ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి ఒక మెసేజ్ పెడితే చాలు. అతిథులుగా పెద్దల్ని పిలిస్తే కుర్చీలు, శాలువాలు, ప్రసంగాలు వెంటే వస్తాయి. ఒక ఏడాది ప్రసంగాలు అయ్యేసరికి రెండో తరగతి పిల్లలు ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోయారు.

2. డబ్బు సంగతి

31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష కాంపోజిట్ గ్రాంటు, అంటే బడి నిర్వహణకి ప్రభుత్వం ఇచ్చే డబ్బు, ఏడాదికి 25,000 రూపాయలు. అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకే ఖర్చు పెట్టాలి. మిగిలింది చాక్‌పీసులకి, కరెంటు బిల్లుకి, రిపేర్లకి. దాన్ని పండుగకి ముట్టుకోకండి, ఆడిట్ రోజున బెల్లం బిల్లు చూపించి నవ్వులపాలు కావద్దు. మేమిద్దరం చెరి సగం వేసుకుంటాం. కింద చెప్పిన సరుకులన్నిటికీ కలిపి నిరుడు 2,500 లోపే అయింది. దాతలు అడక్కుండా ఇస్తామంటే డబ్బు వద్దనండి, సరుకు ఇమ్మనండి. కొబ్బరికాయలు, గుమ్మడి పూలు, అరటాకులు మా వైపు అడిగితే లేదనే ఇల్లు ఉండదు.

పిల్లల్ని మాత్రం ఏదీ తెమ్మనొద్దు. “పది రూపాయలు తెచ్చుకోండి” అన్నా సరే, అవి తేలేని పిల్ల ఆ రోజు కడుపు నొప్పని ఇంట్లో ఉండిపోతుంది.

3. ఎవరూ బయట నిలబడకుండా చూసుకోవడం

మిగతావన్నీ కాస్త తప్పినా పండుగ నడిచిపోతుంది. ఇది తప్పితే నడవదు, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటి ఏడాది నేను గేటు మీద “తల్లులందరికీ ఆహ్వానం” అని రాసి పెట్టాను. మా ఊళ్లలో ఎంతమంది ఆడవాళ్లు కువైట్‌లో ఇళ్లలో పని చేయడానికి వెళ్లారో తెలిసి కూడా రాశాను. ఆ రోజు రెండో తరగతి పిల్ల ఒకతి తలుపు వెనక నుంచి కదల్లేదు. వాళ్ల నాయనమ్మ గేటు దగ్గర దాకా వచ్చి ఆగిపోయింది. “లోపలికి రండి మామ్మగారూ” అంటే, “భోగిపళ్లు పోసే చోటికి నేనెందుకులెండి టీచర్‌గారూ, నాకు పసుపు కుంకుమలు లేవు కదా” అంది. అప్పటి నుంచి “ఇంట్లోంచి ఎవరైనా ఒకరు రండి” అని రాస్తున్నాం. బడిలో భోగిపళ్లు మొదట పోసేది నాయనమ్మలు, అమ్మమ్మలే. ముత్తయిదువులే పోయాలన్న పట్టింపు ఇంటి దగ్గర ఎవరికి వాళ్లది. బడిలో ఆ లెక్క లేదు. మొదటిసారి కొందరు గొణిగారు, రెండో ఏడు గొణగలేదు.

తరవాత మతం. మా తరగతిలో ఆదివారం చర్చికి వెళ్లే పిల్లలు చాలామందే, ఇద్దరు ముస్లిం పిల్లలు. ప్రభుత్వ బడిలో మతబోధ కూడదని, ఎవరినీ ప్రార్థనలో బలవంతంగా కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెప్తోంది. అందుకే పటం పెట్టం, హారతి ఇవ్వం, బొట్టు పెట్టించుకోమని ఎవరినీ అడగం. పంట ఇంటికొచ్చిన పండుగ అంటే అందరికీ సొంతమే, కుప్ప నూర్చడానికి వెళ్లిన అమ్మానాన్నలు అన్ని మతాల్లోనూ ఉన్నారు. అయినా ముందు రోజే ఆ ఇళ్లకు వెళ్లి ఏమేం చేస్తామో చెప్పిరండి. చెప్పకపోతే వచ్చే అనుమానం చెప్తే రాదు. డిసెంబరులో సెమీ క్రిస్మస్ చేసినా ఇదే పద్ధతి.

ఇంకొకటి మనకే తెలిసేది. ఆ ఏడాది ఇంట్లో ఎవరైనా పోతే కొందరికి పండుగ ఉండదు. ఆ పిల్లల పేర్లు ముందే కనుక్కోండి. భోగిపళ్లకి పిలవాలా వద్దా అన్నది ఇంటివాళ్లనే అడగండి. వద్దంటే గంట కొట్టే పని, లెక్క రాసే పని లాంటిది ఏదైనా ఆ పిల్ల చేతికి ఇవ్వండి. “నువ్వు పక్కన కూర్చో” అని మాత్రం అనొద్దు.

బట్టలు: ఉన్న వాటిలో ఇష్టమైనవి వేసుకోవచ్చు, యూనిఫాం వేసుకున్నా పండుగే. అద్దె డ్రెస్సులు వద్దని గట్టిగా చెప్పండి. తలపాగాలు కావాలంటే మన ఇళ్లలో పాత కండువాలు ఒక పది తెస్తే వంతులవారీగా చుట్టుకుంటారు.

వేషాల సంగతి ఒకటి ఉంది. ఒకసారి హరిదాసు వేషం వేయించాం, నెత్తిన స్టీలు చెంబు, చేతిలో చిడతలు. గంగిరెద్దుల వాడి వేషం కూడా వేయించబోతుంటే నాలుగో తరగతి అబ్బాయి లేచి, “మా నాన్న అలా గెంతడండి” అన్నాడు. వాళ్ల నాన్న నిజంగా గంగిరెద్దును ఆడించే మనిషి. నాకు నోట మాట రాలేదు. వేషం ఆపేసి, మరుసటి ఏడు ఆయన్నే పిలిచాం. సన్నాయి ఎలా ఊదుతారో, ఎద్దుకి తలూపడం ఎలా నేర్పుతారో అరగంట చెప్పాడు. ఆ రోజు ఆ అబ్బాయి ముందు వరసలో కూర్చున్నాడు. పిలిస్తే కుర్చీ వేయండి, సంభావన కవరులో పెట్టి ఇవ్వండి. ఎద్దుని ఆవరణలో చెట్టుకి కట్టించి, పిల్లలకీ దానికీ మధ్య ముగ్గుతో ఒక గీత గీయండి.

4. పిడకలు (12 రోజుల ముందు)

భోగి పిడకలు ఎండటానికి వారం పడుతుంది, మబ్బు పడితే ఇంకా ఎక్కువ. అందుకే అన్నిటికన్నా ముందు ఇవే చేయాలి. ఆవుపేడ పొద్దున్నే ఎవరింటి నుంచైనా తట్టెడు తెప్పించండి. బొటనవేలంత ఉండలు చేసి, గోడకో పాత గోనె మీదో తట్టి, తడిగా ఉండగానే మధ్యలో పుల్లతో బెజ్జం పెట్టాలి. ఎండాక పెడితే విరిగిపోతాయి. తరవాత కొబ్బరి తాడుకి గుచ్చితే దండ.

పేడలో చెయ్యి పెట్టమని పిల్లల్ని ఆజ్ఞాపించకండి. కొన్ని ఇళ్లవాళ్లకి అది అవమానంగా తోస్తుంది, వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. ముందు టీచరే కూర్చుని చేయాలి. ఇష్టమున్నవాళ్లు వస్తారు, మిగతావాళ్లకి తాళ్లు పేనే పని ఉంది. పక్కన బకెట్టు నీళ్లు, సబ్బు తప్పనిసరి. గోళ్లు పెరిగిన వాళ్ల గోళ్లు ఆ రోజే తీసేయండి.

బడిలో మేం భోగి మంట వేయం. ఎండు ఆకుల మీదుగా నిప్పురవ్వ ఎగిరితే 46 మందిని ఆపడానికి ఇద్దరం చాలం. దండలు ఇంటికి పంపిస్తాం, భోగి రోజు తెల్లవారుజామున వాళ్ల వీధి మంటలో వేసుకుంటారు. పంపేటప్పుడు ఒక మాట చెప్పి పంపండి: మంటలో పిడకలు, ఎండు కొమ్మలు వేయొచ్చు, టైర్లు, ప్లాస్టిక్ వేయకూడదు.

5. గాలిపటాలు, పిల్ల ప్రభలు (వారం ముందు)

క్రాఫ్టు పీరియడ్లన్నీ దీనికే. కొనాల్సింది ఏమీ లేదు. పాత దినపత్రికలు, కొబ్బరి ఈనెలు, మైదా జిగురు చాలు. అరకిలో మైదా నీళ్లలో కలిపి ఉడికిస్తే బడి మొత్తానికి సరిపోతుంది. ఎక్కువ నీళ్లు పోస్తే కాగితం నాని చిరుగుతుంది, గరిటెకు అంటుకునేంత చిక్కగా ఉండాలి.

గాలిపటానికి అడుగు భుజం ఉన్న చదరం కత్తిరించండి. ఒక ఈనె మూల నుంచి మూలకి నిలువుగా, రెండోది విల్లులా వంచి అడ్డంగా అతికించాలి. తోకకి పాత నోటుపుస్తకం కాగితాల గొలుసు. మూడో తరగతి పైవాళ్లు సొంతంగా చేస్తారు, చిన్నవాళ్లు రంగులు పూస్తారు. కట్టడానికి నూలుదారమే. నైలాన్ మాంజా, చైనా మాంజా అని అమ్మేది, 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది. మెడలు కోస్తుంది, పిట్టలు చిక్కుకుని చస్తాయి. ఇంట్లో ఉంటే తేవద్దని ముందే చెప్పండి. ఎగరేయడం బడి ఆవరణలో వద్దు, మా చుట్టూ కొబ్బరి చెట్లూ కరెంటు తీగలే. కోతలైన చేలో, పెద్దవాళ్ల తోడుతో ఎగరేసుకోమంటాం.

కోనసీమలో సంక్రాంతి అంటే ప్రభలు, అంటే వెదురుతో విల్లులా కట్టి, రంగు గుడ్డలతో అలంకరించి, దేవుణ్ణి ఉంచి భుజాల మీద మోసే ఎత్తైన చట్రాలు. కనుమ నాడు అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు, అంటే ఆ ఊళ్ల పదకొండు శివుళ్లు, ప్రభల మీద వస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభల్ని మోసేవాళ్లు నీళ్లలోకి దిగి, కౌశిక కాలువ దాటించి తెస్తారు. 2023 రిపబ్లిక్ డే కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీ వీధిలో నడిచింది ఈ ప్రభల తీర్థమే. ఆ వీడియో ఫోన్‌లో చూపిస్తే పిల్లలు కళ్లప్పగించి చూస్తారు. వాళ్ల మావయ్యలు ప్రతి ఏడూ భుజం పెట్టేదే ఢిల్లీకి వెళ్లిందని తెలిసి, ఆ వారమంతా బడిలో మరో మాట లేదు.

బడిలో ప్రభ మూరెడు ఎత్తు. రెండు మూడు ఈనెలు కలిపి విల్లులా వంచి, కింద అడ్డకమ్మకి కట్టాలి. లోపల అడ్డం నిలువు ఈనెలు అల్లి, మీద రంగు కాగితం, దర్జీ కొట్లో మిగిలిన గుడ్డపేలికలు, ఊలు దారాలు. నలుగురికి ఒక ప్రభ. దేవుడి బొమ్మ పెట్టమని మేం చెప్పం, వద్దనీ అనం. ఒక జట్టు మధ్యలో ట్రాక్టరు బొమ్మ అతికించింది. దానికి కూడా అందరూ భుజం పట్టారు.

మీది కోనసీమ కాకపోతే ప్రభలెందుకు? మీ ఊళ్లో పండక్కి ఏది ఉందో అది చేయించండి. ఎడ్ల అలంకరణ కావచ్చు, బొమ్మల కొలువు కావచ్చు. పక్క జిల్లా పండుగను అరువు తెచ్చుకుంటే అది మళ్లీ థర్మాకోల్ బండే అవుతుంది.

6. ముగ్గులు: లెక్కల పీరియడు (నాలుగు రోజుల ముందు నుంచి)

తల్లులకు ముగ్గుల పోటీ పెట్టడం అందరూ చేసేదే. మేం మానేశాం. మొదటి బహుమతి ఎవరికన్న గొడవ సంక్రాంతి దాటి ఉగాది దాకా నడిచింది. ఇప్పుడు పిల్లలే వేస్తారు, బహుమతుల్లేవు.

ఒకటి, రెండు తరగతులకి 3 చుక్కలు, సందు చుక్క 1 వచ్చేదాకా. మూడుకి 5 చుక్కలు. నాలుగు, అయిదుకి 7. చుక్కలు పెట్టాక మొత్తం ఎన్నో లెక్కపెట్టించండి. మొదటిదానికి 9, రెండోదానికి 25, మూడోదానికి 49 వస్తాయి. 7, ఆ వరసకి అటూ ఇటూ 6, 5, 4, 3, 2, 1 రాయించి కూడించండి. తరవాత ఏడేళ్లు (7 × 7) ఎంత అని అడగండి. ఎవరో ఒకరు అరుస్తారు. 9 చుక్కల ముగ్గుకి ఎన్ని చుక్కలో పెట్టకుండానే చెప్పమనండి. సౌష్ఠవం అనే మాట నేర్పడానికి ఇంతకన్నా మంచి రోజు దొరకదు.

ముందు మూడు రోజులు నేల మీద చాక్‌పీసుతో సాధన, పండుగనాడు ముగ్గుపిండితో. 10 కిలోల ముగ్గు చాలు. చిన్నవాళ్ల చేతికి పిండి ఇవ్వకండి, గాలికి కళ్లలో పడుతుంది. వాళ్లకి చాక్‌పీసే. మెరుపుల రంగులు కొనొద్దు, అవి చేతులకు అంటితే మధ్యాహ్నం అన్నంలోకి వస్తాయి. పసుపు, నూరిన ఇటుక పొడి, బంతి రేకులు, బొగ్గు పొడి, ఎండిన ఆకుల పొడి ఉంటే అయిదు రంగులు చేతిలో ఉన్నట్టే. మగపిల్లలు “ముగ్గులు మాకెందుకండీ” అంటారు. చుక్కల లెక్క వాళ్ల చేత చేయించండి, పిండి వాళ్లే అడిగి తీసుకుంటారు.

7. పొంగలి

మధ్యాహ్న భోజనం మెనూ ఎలాగూ నడుస్తుంది. ప్రాథమిక తరగతుల్లో పిల్లకి 100 గ్రాముల బియ్యం లెక్క. ఆ బియ్యం తీసి పొంగలి వండితే లెక్క తప్పుతుంది, కాబట్టి సరుకు వేరే కొనాలి. భోజనంతో పాటు చిన్న గరిటెడు అనుకుంటే 55 మందికి ఇది కొలత (ఇంటివాళ్లు ఎక్కువ మంది వస్తే ఆ లెక్కన పెంచుకోండి): బియ్యం కిలో, పెసరపప్పు అరకిలో, బెల్లం కిలోన్నర, నెయ్యి పావుకిలో, నీళ్లు ఆరేడు లీటర్లు, నాలుగు కొబ్బరి చిప్పలు కోరి, గుప్పెడు జీడిపప్పు, కొంచెం ఏలకుల పొడి.

పప్పు దోరగా వేయించి, బియ్యంతో కలిపి మెత్తగా ఉడికించాలి. బెల్లం విడిగా కరిగించి వడకట్టాలి, ఇసుక తప్పకుండా ఉంటుంది. బియ్యం పూర్తిగా ఉడికాకే బెల్లం పోయాలి. తొందరపడి ముందే పోస్తే మెతుకు బిరుసుగా ఆగిపోతుంది, ఆ తరవాత ఎంత ఉడికించినా మెత్తబడదు. ఈ సంగతి మా వంటమ్మ చెప్పినా నేను వినలేదు. ఆ ఏడాది పొంగలి పలుకులు పలుకులుగా తిన్నాం.

వంటమ్మలకి అదనపు పని కదా, వారం ముందే అడగండి. కొబ్బరి కోరడం, జీడిపప్పు వేయించడం టీచర్లు పంచుకోవాలి. పొయ్యి దగ్గరికి పిల్లలు రాకూడదు. వడ్డించే ముందు రోజూలాగే ఒక టీచరు రుచి చూసి రిజిస్టర్‌లో రాయాలి.

8. ఆ రోజు

హాజరు యాప్, భోజనం యాప్ మొదట. పండుగ హడావుడిలో మర్చిపోతే సాయంత్రం ఫోన్లు మొదలవుతాయి.

తొమ్మిదిన్నర నుంచి ముగ్గులు. ఎండ ముదరకముందే అయిపోవాలి. తరగతి వారీగా ఆవరణ ముందే పంచి పెట్టుకుంటే తగువుండదు. మధ్యలో గుమ్మడి పూలతో గొబ్బెమ్మలు, ఇష్టమైనవాళ్లు పెడతారు.

పదకొండుకి భోగిపళ్లు. ఇంటి దగ్గర అయిదేళ్లలోపు పిల్లలకే పోస్తారు కాబట్టి అంగన్‌వాడీ పిల్లల్నీ, ఒకటో తరగతినీ కూర్చోబెడతాం. రేగుపళ్లు రెండు కిలోలు, బంతి, చామంతి రేకులు, సన్నగా తరిగిన చెరుకు ముక్కలు. చిల్లర నాణేలు, నానబెట్టిన శనగలు మేం కలపం. కింద పడ్డవి పసివాళ్లు టక్కున నోట్లో వేసుకుంటారు, గొంతుకి అడ్డం పడితే పండుగ ఆసుపత్రిలో ముగుస్తుంది. రేగుపళ్లు కూడా పోయగానే ఏరించి, కడిగి, పెద్ద తరగతులకే పంచుతాం. కువైట్‌లో ఉన్న అమ్మలకి ఈ వేళకి వీడియో కాల్ కలపండి. అక్కడ మనకన్నా రెండున్నర గంటలు వెనక, అంటే ఎనిమిదిన్నర అవుతుంది. పని మొదలవని వాళ్లు ఎత్తుతారు. ఎత్తలేని వాళ్లకి చిన్న వీడియో తీసి పంపితే రాత్రి చూసుకుంటారు.

తరవాత ప్రభల ఊరేగింపు, ఆవరణ చుట్టూ ఒకే ఒక్క చుట్టు. డప్పు కావాలంటే బడి పళ్లెం, గరిటె. డీజే పెట్టిన బడులు ఉన్నాయి, పిల్లల మాట పిల్లలకి వినపడదు.

ఫొటోలు: పది నిమిషాలు కేటాయించి, ఒకరే తీయండి. ముగ్గు మీద వంగిన చేతులు, ప్రభ మోసే భుజాలు తీస్తే అందరూ ఉంటారు. పిల్లల ముఖాలు, పేర్లు గ్రూపుల్లో పెట్టే ముందు ఇంటివాళ్లని అడగాలి. పై నుంచి ఫొటోలు అడిగితే ముగ్గుల ఫొటోలు పంపిస్తాం, ఎవరూ ఇంతవరకు కాదనలేదు.

మధ్యాహ్నం భోజనం, పొంగలి. ఇంటివాళ్లకీ అదే పంక్తిలో వడ్డించండి, విడిగా బల్లలు వద్దు. తిన్నాక పిల్లలకి నిద్ర వస్తుంది, అప్పుడు ఇంకో కార్యక్రమం పెట్టకండి. కథ చెప్పుకోవచ్చు. మేం నాయనమ్మల్ని “మీ చిన్నప్పుడు పండక్కి ఏం చేసేవాళ్లు” అని అడుగుతాం. ఒక్కోసారి అదే ఆ రోజంతటిలో బాగుంటుంది.

9. మర్నాడు, సెలవుల తరవాత

ఊడవడం ఆయా ఒక్కదాని మీద వదిలేయకండి. రేకులు, చెరుకు పిప్పి బడి తోటలో గొయ్యి తీసి వేస్తే ఎరువు. ముగ్గుపిండి మిగిలితే డబ్బాలో మూత గట్టిగా పెట్టాలి, చెమ్మ తగిలితే గడ్డ కడుతుంది. పిడకల దండలు పాత దినపత్రికలో చుట్టి, పేరు రాసి ఇవ్వండి, లేకపోతే ఆటోలోనే సగం విరుగుతాయి.

ఖర్చు, కొలతలు ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. పైన చెప్పినవి నిరుటి కొలతలే, నా పుస్తకంలో ఆ పేజీలో ఇలా ఉంది: “నెయ్యి చాలలేదు. రేగుపళ్లు ఎక్కువయ్యాయి, కిలోన్నర చాలు. పేడ ఇంకో తట్ట. అయిదో తరగతికి 9 చుక్కలు ఇచ్చి చూడాలి.”

సెలవులయ్యాక మొదటి రోజు హోంవర్కు అడగకండి. భోగి మంటలో దండ వేశారా, జగ్గన్నతోటకి ఎవరెవరు వెళ్లారు, అక్కడ ఏ ఊరి ప్రభ ముందు వచ్చింది అని అడగండి. తెలుగు పీరియడులో అది రాయించండి. వెళ్లని వాళ్లు వెళ్లిన వాళ్లని అడిగి రాస్తారు. ఆ కాగితాలు గోడకి అతికించాక చూస్తే, మా బడిలో ఒక ప్రభకు నాలుగు ఎత్తులు, మూడు రంగులు వచ్చాయి.